ముప్పై ఏడో ముక్క

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. హాల్లో నేలమీద పరిచిన గుడ్డముక్కల్ని ఒకసారి సరిచూసి, భార్య కుట్టుమిషను ముందు కూర్చోగానే పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోవాలి. అంతే. రిటైరైన లెక్కల మాస్టారి మీద ఒక పూటకి అంతకు మించి బరువు పడకూడదని ఆయన నమ్మకం.

ముక్కలు బొంత కోసం. బొంత అమ్మాయి పురుటికి. ఆ ఇంట్లోకి పసిబిడ్డ రాబోతోందంటే దగ్గరివాళ్లంతా తాము కట్టి విడిచిన బట్టలోంచి తలా ఒక ముక్క ఇవ్వాలి. బిడ్డ కళ్లు తెరిచేసరికి చుట్టాలందరూ ఒంటిమీద ఉన్నట్టు ఉంటుందని మాస్టారి తల్లి మొదలుపెట్టిన పద్ధతి అది. ప్రతి ముక్కా జానెడు పొడవు, జానెడు వెడల్పు. అట్టతో కొలత చేసుకుని, దాని చుట్టూ సుద్దతో గీసి, మాస్టారే స్వయంగా కత్తిరించారు. బొంత చదరంగా ఉండి తీరాలి. చదరపు బొంతకి తలవైపు, కాళ్లవైపు అని తేడా ఉండదు కాబట్టి నిద్రమత్తులో ఎటు పట్టుకుని కప్పినా బిడ్డ కాళ్లు బయటికి రావు. ఈ మాట మాస్టారి తల్లిది. దానికి వర్గమూలాలు జోడించింది మాత్రం మాస్టారు.

ఆరు వరుసలు, వరుసకి ఆరు. ఆరారులు ముప్పై ఆరు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పరీక్ష హాల్లో తిరిగినట్టు చేతులు వెనక్కి కట్టుకుని ఆయన ముక్కల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. ఎవరూ కాపీ కొట్టడం లేదని తేలాక పేపరు అందుకోబోయారు.

అప్పుడే ఆయన భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మిషను మీదున్న నీలం ముక్క తీసి ఆరో వరుస చివర పెట్టింది.

"అదేంటి?" అన్నారు మాస్టారు.

"అల్లుడిది. అమ్మాయి తన ముక్కతో పాటు పంపింది కదా. నిన్న మీరు మిషను మీద మర్చిపోయారు."

"మర్చిపోలేదు. పక్కన పెట్టాను. అది కలిపితే ముప్పై ఏడు."

"అయితే?"

"ముప్పై ఏడుకి వర్గమూలం సరిగ్గా రాదు. ఆరు మీద ఏదో చిల్లర తేలుతుంది. ఆ చిల్లర నువ్వెక్కడ కుడతావు?"

"పోనీ కాస్త పొడుగ్గా చేద్దాం."

"ముప్పై ఏడు దానికీ పనికిరాదు. ఎన్ని వరుసలు చేసినా సమంగా రావు. ఒక్కటే వరుస చెయ్యాలి. అది బొంత అవదు, తాడవుతుంది." మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఇందులో నా ఇష్టాయిష్టాలేం లేవు. లెక్క ఒప్పుకోవడం లేదు."

లెక్క ఒప్పుకోకపోవడం ఇది మొదటిసారి కాదు. అల్లుడు సిటీ బస్సు డ్రైవరు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే అమ్మాయి రోజూ అతని బస్సులోనే వెళ్లేది. పెళ్లి మాటలకి ఇంటికి వచ్చిన రోజున మాస్టారు అతన్ని ఉద్యోగం గురించి గానీ కుటుంబం గురించి గానీ అడగలేదు. పదహారుకి వర్గమూలం ఎంత అని అడిగారు. అతను తడుముకోకుండా ఎనిమిదన్నాడు. ఎలా వచ్చిందని అడిగితే, "నాలుగుకి రెండు కదండీ, మరి పదహారుకి ఎనిమిదేగా," అన్నాడు. వర్గమూలమంటే సగం చెయ్యడమని ఎక్కడో మనసులో పడిపోయింది పాపం. నాలుగు విషయంలో అది నిజమే కూడా. పదహారు పలకలు చదరంగా పేర్చి ఒక పక్కన ఎన్నున్నాయో లెక్కపెడితే చాలని, అవి నాలుగేనని మాస్టారు కాగితం మీద గీసి చూపించారు. అతను ఎంతో శ్రద్ధగా విని, టీ బాగుందన్నాడు.

పెళ్లి అయింది. కానీ మాస్టారి నోట అల్లుడు అన్న మాట రాలేదు. ఇంట్లో ఆయన అతన్ని 'సగం' అనేవారు. ఒకరోజు భోజనాల దగ్గర పదిమంది ఉండగా నోరు జారి, "సగం వచ్చాడు, కుర్చీ వెయ్యండి," అన్నారు. అల్లుడు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. కంచం ముందునుంచి లేచి భర్తని తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. తల్లితో ఫోన్లో మాట్లాడేది గానీ, ఫోను నాన్నకి ఇవ్వమని మాత్రం అడిగేది కాదు.

"సాయంత్రం ఇద్దరూ వస్తున్నారు," అంది భార్య. గొంతు పెంచలేదు. "బతిమాలి ఒప్పించాను. అది గుమ్మంలో నిలబడి ముందు చూసేది ఈ నీలం ముక్క ఎక్కడుందనే. కనబడలేదనుకోండి, చెప్పులు కూడా విప్పదు. ఆ తర్వాత పుట్టేవాళ్లని మీరు బస్టాపులో నిలబడి చూసుకోవాలి."

మాస్టారు బస్టాపుని ఒక్క క్షణం ఊహించుకున్నారు. బాగాలేదు.

"సరే. దీన్ని పెడదాం. ఒకటి తీసేద్దాం," అన్నారు.

చెప్పినంత తేలిక కాలేదు. ఎవరి ముక్క తీసినా ఒక ఇంటితో మాటలు పోయేలా ఉన్నాయి. వియ్యపురాలిది ముట్టుకోవడానికి లేదు. తోడల్లుడిది తీస్తే ఆయన జీవితాంతం దాని గురించే మాట్లాడతాడు. చివరికి మాస్టారు బాగా ఆలోచించి తన అక్కయ్య ముక్కని తీశారు. దళసరి గోధుమరంగు ముక్క అది. అక్కయ్య తన సొంత మనిషి. చిన్నప్పుడు తనని ఎత్తుకు పెంచిన మనిషి. ఆవిడ ఏమీ అనుకోదని ఆయన ధైర్యం. ముక్కని తీసి టీవీ మీద పెట్టారు.

సరిగ్గా ఆ సమయానికి ఇస్త్రీపెట్టె అడగడానికి పక్కింటావిడ వచ్చింది. ఆవిడని అమ్మాయి చిన్నప్పుడే రేడియో పిన్ని అని పిలిచేది. వీధిలో అందరికీ అదే పేరైంది. పిన్ని నేలమీద ముక్కల్ని చూసింది, టీవీ మీద ముక్కని చూసింది, ఇస్త్రీపెట్టె తీసుకోవడం మర్చిపోయి వెళ్లిపోయింది.

అక్కయ్య ఇల్లు రెండు వీధుల అవతల. మాస్టారు పేపర్లో మొదటి పేజీ పూర్తి చేసేలోపే ఆవిడ వచ్చి హాల్లో సోఫా మధ్యలో కూర్చుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"నేను ఎక్కువయ్యానటగా," అంది.

"ఎక్కువ కాదక్కా. ముప్పై ఏడు వర్గ సంఖ్య కాదు. ఎవరో ఒకరు..."

"ఒరేయ్, నీకు జ్వరమొస్తే నేను బడి మానేసి పక్కలో కూర్చున్నప్పుడు అది ఏ సంఖ్య అని అడిగానా?"

 భార్య టీ తెచ్చి ఇస్తే ఆవిడ పుచ్చుకోలేదు. మాస్టారు లేచి గోధుమరంగు ముక్కని టీవీ మీదనుంచి తీసి, దాని చోట దాన్ని పెట్టారు. అయినా ఆవిడ సోఫా దిగలేదు. ఈ ఇంట్లో తన చోటు సంగతి తేలాకే లేస్తానంది.

ఇక తగ్గడానికి వీల్లేదు కాబట్టి పెరగాలి. ముప్పై ఆరు తర్వాత వర్గ సంఖ్య నలభై తొమ్మిది. ఏడేళ్లు నలభై తొమ్మిది. ఉన్నవి ముప్పై ఏడు. ఇంకో పన్నెండు ముక్కలుంటే నీలం ముక్కకీ, అక్కయ్యకీ, లెక్కకీ కూడా న్యాయం జరుగుతుంది. మాస్టారికి ఇది ఎంత గొప్పగా తోచిందంటే, అక్కయ్యని మంచి చేసుకోవడానికి దీన్ని వాడుకోవచ్చని కూడా తోచింది.

"అక్కా, ఇంకో పన్నెండు కావాలి. అవి నీ చేతిమీదుగానే రావాలి," అన్నారు.

ఆవిడ మొహంలో కాస్త వెలుగు కనిపించింది. కూర్చున్న చోటునుంచే కోడలికి ఫోను చేసి, తన ట్రంకుపెట్టె పంపమంది. చనిపోయిన బావగారి బట్టలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

అదే సమయంలో గేటు దగ్గర, మర్చిపోయిన ఇస్త్రీపెట్టె కోసం మళ్లీ వచ్చిన రేడియో పిన్నితో మాస్టారి భార్య కూడా అదే మాట చెప్పింది. ఇంకో పన్నెండు కావాలట, దొరుకుతాయో లేదో అంది. పిన్నికి అంతకంటే ఏం కావాలి? లోపలికి వచ్చి, బల్ల మీదున్న కొలత అట్ట తీసుకుని, ఇస్త్రీపెట్టె మళ్లీ అక్కడే వదిలేసి వీధిలోకి వెళ్లింది.

భోజనాల వేళకి అక్కయ్య పన్నెండు ముక్కలూ వచ్చాయి. మాస్టారు ఏడు వరుసలు పేర్చి, తృప్తిగా నడుం నిటారు చేసుకునేసరికి పిన్ని పన్నెండు ముక్కలూ వచ్చాయి.

"అన్నయ్యగారూ, లెక్క సరిపోయిందా?" అంది పిన్ని ఆయాసపడుతూ.

అరవై ఒకటి. మాస్టారు తను పేర్చిన ఏడు వరుసల వంక మరోసారి చూశారు. పిన్ని ముక్కలు వద్దంటే సాయంత్రానికి ఈ ఇంటి గురించి వీధిలో ఏం ప్రసారమవుతుందో ఆయనకి తెలుసు. తెచ్చిన వాటిలో ఒకటి పిన్ని సొంత జాకెట్టులోది, పసుపుపచ్చని పూలది. దాన్ని ఆవిడే ప్రేమగా చేత్తో సాపు చేసి పెట్టింది.

"అరవై నాలుగుకి మూడే తక్కువ," అన్నారు చివరికి. ఈసారి ఆయన ఎవర్నీ అడగదలచుకోలేదు. బీరువా తెరిచి, బడిలో చివరి ఏళ్లలో వేసుకున్న బూడిదరంగు కోటు తీశారు. దాని జేబుకి ఇంకా సుద్ద వాసన ఉంది. గుండె రాయి చేసుకుని దాని వీపులోంచి మూడు ముక్కలు కోశారు.

ఎనిమిది వరుసల చదరం హాల్లో పట్టలేదు. బల్ల మెట్ల కిందకి వెళ్లింది. సోఫా వరండాలోకి వెళ్లాలి. సోఫాలో అక్కయ్య ఉంది. దిగమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎదురింట్లో తాళాలు బాగుచేసే ఆయన్ని పిలిచి, ఆయన ఒకవైపు, మాస్టారు ఒకవైపు పట్టి, ఆవిడతో సహా సోఫాని ఎత్తి వరండాలో దించారు. ఆవిడ దారిలో సంచి మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

చేతులు దులుపుకుని తాళాలాయన హాల్లోకి తొంగి చూశాడు.

"వీధిలో అందరివీ ఉన్నట్టున్నాయే. నన్ను మాత్రం సోఫా మొయ్యడానికి పిలిచారు," అన్నాడు.

వెంటనే ఇంటికి వెళ్లి, అంచులు నున్నగా కోసిన ఒక పచ్చ ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. అరవై ఐదు.

ఇక్కడ మాస్టారికి తను ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పిన పాఠం మొదటిసారి ఒంటికి తగిలింది. ఒక వర్గ సంఖ్య నుంచి తర్వాతి దానికి ఎప్పుడూ ఒకే దూరం ఉండదు. ముప్పై ఆరు నుంచి పదమూడు నడిస్తే నలభై తొమ్మిది. అక్కణ్నుంచి పదిహేను నడిస్తే అరవై నాలుగు. ఆ తర్వాత పదిహేడు నడవాలి. ఎంత ముందుకు పోతే గమ్యం అంత వెనక్కి జరుగుతుంది. నల్లబల్ల మీద ఇది అందంగా ఉండేది.

"ఇంకా పదహారు," అన్నారు నీరసంగా. అనకుండా ఉండాల్సింది. గుమ్మంలో పిన్ని ఉంది. అట్ట ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

భార్య మాత్రం ఇంత జరుగుతున్నా తలపట్టుకోలేదు. వచ్చిన ముక్కని వచ్చినట్టు దులిపి, మడతలు తీసి పెడుతోంది. "ఎన్నొచ్చినా రానివ్వండి. పనికొస్తాయి," అంది. ఇదేం ధీమా అని మాస్టారు ఆశ్చర్యపోయారు గానీ అడగలేదు.

మధ్యాహ్నం సగం గడిచేసరికి ఎనభై ఒక్క ముక్కలు పూర్తయ్యాయి. తొమ్మిది వరుసలు. చదరం ఒక అంచు వంటింటి గడపని, ఇంకో అంచు వీధి గుమ్మాన్ని తాకుతోంది. మాస్టారు గోడకి ఆనుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. దాని కింద పసిబిడ్డ కాళ్లు బయటికి రావన్నది నిజమే. బిడ్డే బయటికి వచ్చే మార్గం కనబడలేదు. ఇంత పెద్ద బొంత కుట్టడానికి మిషను చాలదని భార్య చెబుతుండగా మందుల షాపాయన వచ్చాడు.

ఆయన గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగాడు. తెల్లకోటు వీపు మధ్యలో జానెడు పొడవు, జానెడు వెడల్పున్న ఒక చదరపు కిటికీ ఉంది. అందులోంచి లోపలి గళ్ల చొక్కా కనిపిస్తోంది.

"మా ఆవిడ పాతదనుకుందట," అన్నాడు అటు తిరిగే. "నాకున్నవి రెండే కోట్లు. షాపులో జనం నన్ను చూసి మందులు కొనడం మానేసి నవ్వుతున్నారు."

పిన్ని ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లని అడిగింది. ఆడవాళ్లు సందేహించకుండా మొగుళ్ల బట్టలు తీసి ఇచ్చారు. ఎవరి చీరా ఎవరూ ఇవ్వలేదు. మొగుళ్లు ఇప్పుడు పనుల నుంచి ఒక్కొక్కరే ఇళ్లకి వస్తున్నారు. మందుల షాపాయన వెనక పెళ్లిళ్లలో బాకా వాయించే ఆయన నిలబడ్డాడు. చేతిలో నల్లకోటు.

"వెనక ఎవరు చూస్తారండీ?" అన్నారు మాస్టారు, ఆశగా.

"నా వెనక డ్రమ్ములవాడు కూర్చుంటాడు," అన్నాడు ఆయన. "వాడు నవ్వితే తాళం తప్పుతాడు."

వరస గేటు దాకా వెళ్లింది. ప్రతివాడి చేతిలోనూ ఒక చిల్లు ఉన్న బట్ట. మాస్టారు ఒక్కొక్కరి చిల్లూ చూసి, దానికి తగిన ముక్క వెతికి, పెట్టి సరిచూసి ఇవ్వసాగారు. అన్నీ కచ్చితంగా సరిపోయాయి. తన అట్ట కొలత ఎంత నిక్కచ్చిగా ఉందో చూసి ఆ కష్టంలోనూ ఆయనకి కాస్త గర్వం కలిగింది. అరవై నాలుగు దగ్గరికి వచ్చినప్పుడు, "దయచేసి ఇక్కడితో ఆగండి," అని బతిమాలారు. నైటు డ్యూటీకి ప్యాంటు కావాల్సిన కాపలాదారు ఆగలేదు. అందరూ తీసుకెళ్తుంటే నాదొక్కటీ ఎందుకని తాళాలాయన కూడా తన పచ్చ ముక్క పట్టుకెళ్లాడు. ఆయన బట్టకి చిల్లేమీ లేదు. అది పౌరుషం.

వీధి ఖాళీ అయ్యేసరికి యాభై మూడు మిగిలాయి. నలభై తొమ్మిదికి నాలుగు ఎక్కువ. మాస్టారు తన కోటు ముక్కలు మూడూ తీసేశారు. యాభై.

ఇంకా ఒక్కటి. ఆయన హాలంతా కలయజూశారు. అక్కయ్యవి పన్నెండూ బావగారి జ్ఞాపకాలు. వాటిని తియ్యమని ఏ నోటితో అడుగుతారు? పిన్ని పసుపుపచ్చ పూల ముక్క ఉంది. పొద్దుటి నుంచి వీధంతా తిరిగి తెచ్చిన ఇరవై ఎనిమిదిలో ఆవిడకి మిగిలింది అదొక్కటే.

"నాది తీసెయ్యండి అన్నయ్యగారూ," అంది పిన్ని.  "నేనేం చుట్టాన్ని కాదుగా."

"అలా అనకు. పొద్దుట్నుంచి తిండి కూడా తినలేదు నువ్వు," అని మాస్టారి భార్య ఆవిడని టీ ఇస్తానంటూ వంటింట్లోకి తీసుకెళ్లింది.

హాల్లో మాస్టారు ఒక్కరే మిగిలారు. ఎదురుగా ఏడు వరుసల చదరం, వరుసకి ఏడు, నిండుగా ఉంది. దాని బయట ఒకే ఒక్క ముక్క పడి ఉంది. నీలం రంగుది. పొద్దుటి నుంచి ముక్కలు ఎన్నిసార్లు పేర్చినా, ఆయన చెయ్యి దాన్ని చివరికే ఉంచుతూ వచ్చింది. బయట బస్సు ఆగిన చప్పుడైంది. ఆయన వంగి నీలం ముక్కని తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఎందుకలా చేశారని అడిగితే చెప్పలేరు. లెక్క అంత నిండుగా కనబడుతుంటే చెయ్యి ఊరుకోలేదు.

అమ్మాయి వరండాలో సోఫా మీద ఉన్న మేనత్తని చూసి, "ఇక్కడెందుకున్నావత్తా?" అని అడిగి, సమాధానం వచ్చేలోపే గుమ్మంలోకి వచ్చింది. నడుం మీద ఒక చెయ్యి వేసుకుని నిలబడింది. బాగా బరువుగా ఉంది మనిషి. మొహం పాలిపోయి ఉంది. ఆమె వెనక నీలం యూనిఫాం చొక్కాలో అల్లుడు. చెప్పులు ఇద్దరూ విప్పలేదు.

అమ్మాయి నేలమీద చదరాన్ని చూసింది. మొదటి వరుస, రెండో వరుస. కళ్లు ఒక్కో ముక్క మీద ఆగి ముందుకు కదులుతున్నాయి. ఏడో వరుస చివరికి వచ్చి ఆగిపోయాయి.

"అమ్మా, మేం వెళ్తాం," అంది.

వంటింటి గుమ్మంలో తల్లి చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. ఆమె భర్త వంక చూసింది. కోపంగా కూడా చూడలేదు. అది మాస్టారికి ఇంకా కష్టంగా అనిపించింది.

అమ్మాయి వెనక్కి తిరగబోయి ఆగింది. తండ్రి కుడిచెయ్యి జేబులో ఉంది. గుప్పిట బిగించి ఉన్నట్టు జేబు ఉబ్బెత్తుగా ఉంది.

"నాన్నా, గుప్పిట్లో ఏముంది?" అంది.

ఇదే హాల్లో, ఇదే నేలమీద, ఆమెకి ఆయన బొత్తాలతో వర్గాలు నేర్పారు. నాలుగు వరుసల్లో పదహారు బొత్తాలు పేర్చాక ఒక బొత్తం మిగిలిపోతే ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టి, ఇది ఎక్కడ కూర్చుంటుందని అడిగింది. ఇంకో ఎనిమిది వస్తే దీనికీ చోటు దొరుకుతుందని చెప్పారు. అప్పటిదాకా ఎక్కడుంటుందంటే, నీ గుప్పిట్లో భద్రంగా ఉంచుకోమన్నారు. ఆ పిల్ల ఆ బొత్తాన్ని గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయింది. మిగిలినదాన్ని పారెయ్యమని ఆ రోజు ఆయన చెప్పలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడు మర్చిపోయారో ఆ మాట. మాస్టారికి సిగ్గేసింది. కళ్లు చెమర్చాయి కూడా.

ఆయన జేబులోంచి నీలం ముక్క తీసి, మడతలు విప్పి, చదరం పక్కన నేలమీద పెట్టారు.

"యాభై వచ్చాయమ్మా," అన్నారు.  "పొద్దుట్నుంచి చూస్తున్నాను. ఒక్కటి ఎక్కువైంది. ఎలా కూర్చోబెట్టాలో నాకు తెలియడం లేదు. నాకే తెలియడం లేదు."

 వరండాలోంచి అక్కయ్య మెడ చాచి చూస్తోంది. అల్లుడు ముందుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ముక్కల్ని కాసేపు చూశాడు. రోజూ కిక్కిరిసిన బస్సులో ఇంకొకరికి చోటుంటుందా అని అద్దంలో చూసుకునే మనిషి చూసినట్టు చూశాడు.

"సగం చేస్తే పోలా మామయ్యగారూ?" అన్నాడు.

పిన్ని చేతిలో టీ ఒలికింది. మాస్టారి భార్య కళ్లు మూసుకుంది. ఆ ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ అనకూడదని ఏడాది పైగా ఆమె కాపలా కాసింది. చివరికి ఈ మనిషే అన్నాడు.

మాస్టారు అలవాటు కొద్దీ చూపుడువేలు ఎత్తారు. "వర్గమూలమంటే సగం కాదని నీకు ఆ రోజే చెప్పాను. యాభైలో సగం చేస్తే ఇరవై..."

ఆగిపోయారు. వేలు గాల్లోనే ఉంది.

"ఇరవై ఐదు," అన్నారు మెల్లగా. "ఐదైదులు ఇరవై ఐదు. ఇదొకటి ఐదు వరుసలు. అదొకటి ఐదు వరుసలు." మళ్లీ లెక్కపెట్టారు. ఒక్క ముక్క మిగల్లేదు. "వస్తోంది. కానీ రెండు బొంతలవుతాయి. ఒక బిడ్డకి రెండెందుకు?"

అమ్మాయి చెప్పులు విప్పింది.

"రెండు కావాలి నాన్నా," అంది. "కవలలు. ఫోన్లో చెప్పదలచుకోలేదు. నీ ఎదురుగా నిలబడి చెప్పాలని అమ్మ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను."

మాస్టారు భార్య వైపు తిరిగారు. ఆమె టీ కప్పు కింద పెట్టి, "పనికొస్తాయని చెప్పానుగా," అంది.

పొద్దుటి నుంచి కదలని అక్కయ్య సోఫా దిగి లోపలికొచ్చింది. నేలమీద కూర్చుని తన గోధుమరంగు ముక్కని ఒక చదరంలోకి తోసింది. అమ్మాయి ముక్క ఒకదాంట్లో, నీలం ముక్క రెండోదాంట్లో పెడదామని తేల్చారు. అల్లుడికి అది నచ్చలేదు. నాన్న ముక్క ఒకరికే ఉంటే రెండోవాళ్లు చిన్నబుచ్చుకోరా అన్నాడు. మిషను మీద కత్తెర అందుకుని, ఒంటిమీదున్న యూనిఫాం చొక్కా అంచు పట్టుకున్నాడు.

యాభై ఒకటి. మాస్టారి కళ్ల ముందు పొద్దుటి నుంచి జరిగిందంతా ఒక్కసారి మెదిలింది. ముక్కల్ని దాటుకుని వెళ్లి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

"వద్దు అల్లుడూ. నీ పుణ్యం ఉంటుంది. లెక్క సరిపోయింది," అన్నారు.

అల్లుడు కత్తెర వదిలేశాడు. తననేమని పిలిచారో అతనికి వెంటనే తట్టలేదు. అమ్మాయికి తట్టింది. గోడకేసి తిరిగి నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, కాసేపటికి ఇటు తిరిగింది. పిన్ని ఇంట్లో ఉందని గుర్తొచ్చిన మాస్టారు కళ్లకి బదులు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక టీ తాగుతూ మాస్టారు చాలా గంభీరంగా ఒక విషయం వివరించారు. సున్నాని పక్కన పెడితే, రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయగలిగిన సంఖ్యల్లో యాభై అన్నిటికంటే చిన్నది. నలభై తొమ్మిదీ ఒకటీ అనవచ్చు. ఇరవై ఐదూ ఇరవై ఐదూ అనవచ్చు. తనకి పొద్దుటి నుంచి మొదటిదే కనబడిందని, ఆ ఒకటిని ఎక్కడ పారెయ్యాలా అనే చూశానని ఒప్పుకున్నారు. అల్లుడు ఎంతో శ్రద్ధగా విని, టీ బాగుందన్నాడు.

పదహారుకి వర్గమూలం మాత్రం అతని దృష్టిలో ఇప్పటికీ ఎనిమిదే.